ఊఁ కొట్టే మనిషి

పుట్టిన మొదటి మూడేళ్లలో బిడ్డ ఒంటికి ముద్ద ఎంత అవసరమో, మనసుకు మాట అంత అవసరం. ముద్ద సంగతి చూడ్డానికి పథకాలున్నాయి, త్రాసులున్నాయి, యాప్‌లున్నాయి. వలసలు, జీడి బట్టీలు, కిడ్నీ జబ్బులు కలిసి కాపురముంటున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇళ్లలో ఆ మాట చెప్పే మనిషి ఎవరు?

నూతి పక్కన పీట వాల్చుకుని, చీర మోకాళ్ల పైకి దోపుకుని, మామ్మ రెండు కాళ్లూ బార్లా చాపి కూర్చుంది. కాళ్ల నడుమ పల్లంలో నాలుగు నెలల మనవడు. ఒళ్లంతా కొబ్బరినూనె. కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి తాకించి విడదీస్తోంది. వీపు రుద్దింది, చంకల్లో, మెడ మడతల్లో పేరుకున్న పాలజిడ్డు తుడిచింది. చెంబుతో గోరువెచ్చటి నీళ్లు పోసేసరికి వాడి మూతి వంకర తిరిగింది. ఏడుపు లంకించుకోబోతున్నాడు.

"ఏటిరా, ఏటయిపోనాదిప్పుడు? నీలు సల్లగున్నాయేటి? ఉండుండు, అయిపోనాది" అంది.

ఏడవబోయినవాడు ఆగాడు. ఆమె మొహంలోకి చూశాడు. "ఊఁ" అన్నాడు.

"ఊఁ అంతన్నావా! సెప్పు మరి. రాత్రి మీ బాబు ఫోన్ సేసినాడా?"

"ఊఁ... ఊఁ."

"ఏటన్నాడు? పండక్కొస్తానన్నాడా?"

వాడు కాళ్లు రెండూ గట్టిగా తన్నాడు. నీళ్లు ఆమె మొహాన చిందాయి.

హరిశ్చంద్రపురంలో ఆ ఉదయం నేను చూసింది ఇంతే. కోటబొమ్మాళి మండలంలో, తిలారు, కోటబొమ్మాళి స్టేషన్ల నడుమ, హౌరా-చెన్నై లైను మీద ఉన్న ఊరు ఇది. ఒకప్పుడు దీని పేరు మీద అసెంబ్లీ నియోజకవర్గమే ఉండేది. 2009 ఎన్నికల నాటికి పునర్విభజనలో ఆ పేరు పోయింది. రైలు పట్టాలు పక్కనే ఉండటంతో వలసకు వెళ్లడం ఇక్కడివాళ్లకు తేలిక. ఆ పిల్లవాడి తండ్రి హైదరాబాద్‌లో భవనాల పనిలో ఉన్నాడు. తల్లి ఆ వేళకే కూలికి వెళ్లిపోయింది. స్నానం జరిగిన పావుగంటలో మామ్మ ఒక్క నిమిషం కూడా నోరు మూయలేదు. అంతకంటే ముఖ్యం, వాడు ఊఁ అన్న ప్రతిసారీ ఆమె ఆగింది. వాడి వంతు వాడికి ఇచ్చింది.

కథ వినేవాళ్లు ఊఁ కొడతారు. పసిబిడ్డ దగ్గర అది రెండువైపులా నడుస్తుంది. మనం మాట్లాడితే వాడు ఊఁ కొడతాడు, వాడు శబ్దం చేస్తే మనం ఊఁ కొట్టాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే మెదడు కట్టుబడి జరుగుతుందని శాస్త్రవేత్తలు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. మొదటి కొన్నేళ్లలో బిడ్డ మెదడులో సెకనుకు పది లక్షలకు పైగా కొత్త నాడీ బంధాలు ఏర్పడతాయని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో శిశు వికాసం మీద పనిచేసే కేంద్రం లెక్క కట్టింది. వాటిలో వాడకంలో ఉన్నవి గట్టిపడతాయి, వాడనివి రాలిపోతాయి. రెండేళ్లు నిండేసరికి మెదడు పరిమాణం పెద్దవాళ్ల మెదడులో దాదాపు 80 శాతానికి వచ్చేస్తుంది. మనం బడి గురించి, ఫీజుల గురించి ఆలోచించడం మొదలుపెట్టే వేళకు పునాది పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

ఆ ఊఁ ఆగిపోతే ఏమవుతుందో 1970లలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పరీక్షించి చూశాడు. తల్లి కాసేపు బిడ్డతో నవ్వుతూ ఆడుతుంది. తరవాత ఒకటి రెండు నిమిషాలు మొహంలో ఏ కదలికా లేకుండా, పలకకుండా, బిడ్డకేసి చూస్తూ కూర్చుంటుంది. బిడ్డ మొదట నవ్వుతుంది. చేతులు చాపుతుంది. కేక పెడుతుంది. ఏదీ పనిచేయకపోయేసరికి మొహం తిప్పేసుకుని, ఒళ్లు కుదించుకుని ఏడుస్తుంది. తల్లి ఎదురుగానే ఉంది, ఎవరూ కొట్టలేదు, ఆకలీ వేయలేదు. పలకరింపు ఆగడమే ఆ బిడ్డకు తగిలిన దెబ్బ. తల్లి మళ్లీ నవ్వగానే బిడ్డ కోలుకుంటుంది. రెండు నిమిషాల పరీక్ష కాబట్టి కోలుకుంది. రోజుకు ఎనిమిది గంటలు, రెండేళ్లపాటు అదే సాగితే?

*

ఎదుగుదల పట్టికను మన పెద్దవాళ్లు వంటింట్లో దాచుకున్నారు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. గడప దాటితే గారెలు. అడుగులేస్తే అరిసెలు. మాట పలికితే పంచదార చిలకలు. ఒక్కో ఊళ్లో ఒక్కో వరుస, ఒక్కో పిండివంట. పద్ధతి మాత్రం ఒక్కటే: బిడ్డ ఒక కొత్త పని చేయగానే నూనె మూకుడు పొయ్యి మీదికెక్కుతుంది, వాడంతా పంచిపెడతారు.

దీన్ని ముచ్చట అని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. అరిసెలు అందిన ప్రతి ఇంటికీ ఫలానావాళ్ల పిల్ల నడుస్తోందని తెలుస్తుంది. ఏడాదిన్నర దాటినా అరిసెలు రాకపోతే, ఎదురింటావిడ "ఇంకా అడుగెయ్యలేదేటే?" అని అడుగుతుంది. కొంచెం నొప్పించే ప్రశ్నే, కానీ అడగాల్సిన ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి ఐదు దేశాల పిల్లలను గమనించి తేల్చింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల లోపు ఎప్పుడైనా జరగొచ్చు. ఒంటరిగా నడవడం ఎనిమిదో నెల నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా కావచ్చు. ఆ గడువు అంత పెద్దది. కాబట్టి పక్కింటి పిల్ల పదో నెలలో నడిచిందని మన పిల్లను చూసి బెంగపడక్కర్లేదు. పద్దెనిమిది నెలలు నిండినా నడక రాకపోతే మాత్రం "వాళ్ల నానకీ లేటే వచ్చింది" అని సరిపెట్టుకోకూడదు.

మిగతావీ ఇక్కడే చెప్పేస్తాను, కత్తిరించి దాచుకునేవాళ్లు దాచుకోండి. మూడు నెలలు వచ్చినా మొహం చూసి నవ్వకపోయినా, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోకపోయినా, ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఏడాదిన్నరకు ఒక్క అర్థమున్న మాటా రాకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పాలి. గర్భిణిగా ఉన్నప్పుడు ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు బీరువాలో ఎక్కడో ఉంటుంది. దాంట్లో ఇవన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. పిల్లల్లో ఎదుగుదల ఆలస్యాలను ముందే పట్టుకోవడానికి 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. చెవి వినపడని పిల్లను "మాట లేటు" అనుకుని మూడేళ్లు ఆగితే, ఆ మూడేళ్లూ ఆ పిల్లకు ఊఁ వినపడలేదన్నమాట.

మనసు ఎదుగుదల ఇంత స్పష్టంగా కనపడదు. అందుకే దాన్ని తప్పుగా చదువుతాం. ఎనిమిది తొమ్మిది నెలల పిల్ల, నిన్నటిదాకా అందరి చంకా ఎక్కిన పిల్ల, ఉన్నట్టుండి చుట్టాలను చూసి గుక్కపట్టి ఏడుస్తుంది. దిష్టి తగిలిందంటారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పేస్తే తిప్పేయండి, కానీ జరిగింది వేరు. నా మనుషులెవరో, పరాయివాళ్లెవరో ఆ పిల్ల మొదటిసారి విడదీసి చూసుకుంటోంది. మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని తీసే దోబూచి ఆట ఆ వయసులోనే ఎందుకంత నవ్విస్తుందంటే, కనపడని అమ్మ లేకుండా పోలేదు, కొంగు వెనకే ఉంది అన్న సంగతి ఆ పిల్ల అప్పుడే కనిపెడుతోంది కాబట్టి. ఈ సంగతి మీద స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జాఁ పియాజే పుస్తకాలు రాశాడు. మన మామ్మలు కొంగుతో చూపిస్తున్నారు.

రెండేళ్ల మంకుపట్టూ అంతే. "నాది", "వద్దు", "నేనే" అన్న మూడు మాటలతో ఇల్లు పీకి పందిరేస్తారు. నేను వేరే మనిషిని అని బిడ్డ ప్రకటించుకునే వేళ అది. అప్పుడు మనం చేసే పని ఏమిటి? "బూచోడికిచ్చేస్తాను", "సూదేయించేస్తాను", "పోలీసుల్ని పిలుస్తాను." తినిపించడానికి భయం, పడుకోబెట్టడానికి భయం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు కూకటివేళ్లతో కూలిపోయాయి. ఆ రాత్రి పెద్దవాళ్లే వణికిపోయారు. అలాంటి రాత్రి తరవాత కూడా పిల్లలు తేరుకోగలిగేది, వాళ్లను గట్టిగా పట్టుకుని "నేనున్నాను" అన్న మనిషి ఉన్నప్పుడే. ఆ మనిషే రోజూ బూచిని చూపిస్తే బిడ్డ ఎవరి దగ్గరికి పరిగెడుతుంది?

*

ఇప్పుడు ముద్ద గురించి. ఇందులో తెలుగు నేలకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది.

1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం మొదలైంది. మన అంగన్‌వాడీ అక్కడి నుంచే వచ్చింది. ఆ పథకం ఊరూరికీ పాకుతున్న కాలంలో, 1987 నుంచి 1990 దాకా, జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ శివార్లలోని 29 పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. అప్పటికే పథకం అందిన 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. పథకం ఇంకా రాని 14 పల్లెలను పోలిక కోసం చూశారు. అసలు విశేషం తరవాత జరిగింది. ఆ పిల్లలు టీనేజీకి వచ్చాక, 2003-05 కాలంలో, పరిశోధకులు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లి వెతికి కొలిచారు. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. చక్కెర జబ్బుకు దారితీసే ఇన్సులిన్ నిరోధం వాళ్లలో తక్కువగా ఉంది. తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి అందిన ఒక గిన్నె ఉప్మా పదిహేనేళ్ల తరవాత ఎముకలో, రక్తంలో కనిపించింది.

అయినా మన పిల్లల పరిస్థితి బాగుందని చెప్పలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం వయసుకు తగ్గ పొడవు లేరు. 29.6 శాతం వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు వాళ్లలో 63.2 శాతానికి రక్తహీనత. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ చివరి అంకె. ఇనుము తక్కువైతే ఒళ్లు పాలిపోవడంతో ఆగదు. పిల్లలో చురుకు తగ్గుతుంది, ఆటకు రాదు, ఊఁ కొట్టదు. ఊఁ కొట్టని పిల్లతో పెద్దవాళ్లూ మాట్లాడటం తగ్గిస్తారు. "మా గుంట నెమ్మదస్తురాలు బాబూ, ఎక్కడ కూకోబెడితే అక్కడే ఉంటాది" అని మురిసిపోయే తల్లులను ఈ జిల్లాలో చాలామందిని చూశాను. ఏడాది పిల్ల కూర్చోబెట్టిన చోటే ఉంటే మురవకండి. రక్తం చూపించండి. వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఈ వయసు పిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, అడిగి తీసుకోండి.

ఇక్కడ చోడంబలి గురించి ఒక మాట. చోళ్లు, అంటే రాగులు, మంచి గింజ. వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కానీ పొలానికి వెళ్లే మనిషి తాగే పలచటి అంబలే ఆరేడు నెలల బిడ్డకూ పట్టిస్తున్నారు. వాడి పొట్ట వాడి పిడికిలి కంటే ఎంతో పెద్దది కాదు. అది నీళ్లతోనే నిండిపోతుంది. చెంచా వంచితే జారిపోనంత చిక్కగా కాచి, కాస్త నూనో నెయ్యో వేసి, పప్పు మెదిపి, గుడ్డు కలిపి పెట్టాలి. అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే బాలామృతం ప్యాకెట్టు ఇల్లంతా పంచుకునేది కాదు. అది ఆ బిడ్డ వాటా.

అయితే ముద్ద ఒక్కటే చాలదు. ఈ మాట జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల్లో తేలింది. 1986-87లో అక్కడ శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలి బృందం తొమ్మిది నెలల నుంచి రెండేళ్ల లోపు ఉన్న 129 మంది గిడసబారిన పిల్లలను తీసుకుంది. కొందరికి వారానికో కిలో పాలపొడి. కొందరికి వారానికోసారి ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త. ఆమె ఓ గంట కూర్చుని, పారేసే డబ్బాలతో, సీసా మూతలతో చేసిన బొమ్మలిచ్చి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లికి చూపించేది. కొందరికి రెండూ. కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు అలా నడిచింది. ఇరవై ఏళ్ల తరవాత వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే, ఆటా మాటా అందినవాళ్ల సంపాదన అందనివాళ్ల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. పాలపొడి మాత్రమే అందినవాళ్లలో అలాంటి తేడా నిలవలేదు. పరిశోధన 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎక్కడో కరీబియన్ దీవి సంగతి మనకెందుకు అనేవాళ్లకు: ఇదే పద్ధతిని మన ఇచ్ఛాపురం సరిహద్దు దాటితే వచ్చే ఒడిశాలో, కటక్ బస్తీల్లో, 2013-15లో చేసి చూశారు. అక్కడా పిల్లల తెలివితేటల్లో మెరుగు కనిపించింది.

సీసా మూతలు, ఖాళీ డబ్బాలు, ఒక గంట మాట. ఉద్దానంలో వీటికి కరువా? కొబ్బరాకుతో బూర చుట్టొచ్చు, గడియారం అల్లొచ్చు. పనస పిక్కలు లెక్కపెట్టించొచ్చు, మింగకుండా పక్కనే ఉండాలి అంతే. తాటికాయలతో బండి అవుతుంది. చక్రాలున్న ప్లాస్టిక్ వాకర్లో కూలేసి వదిలేయడం కంటే, ఏటికొప్పాక చెక్కబండిని నెట్టుకుంటూ నడిచే పిల్లకు కాళ్లు ముందు గట్టిపడతాయి. వాకర్‌లో పడి దెబ్బలు తగులుతున్నాయని కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది.

*

మరి ఆ గంట మాట్లాడే మనిషి ఎక్కడ?

కాశీబుగ్గలో ఒక జీడి యూనిట్. పేరు అనవసరం, పలాస చుట్టుపక్కల అలాంటివి వందలున్నాయి. రేకుల షెడ్డులో వరసగా కూర్చున్న ఆడవాళ్లు పప్పు మీది ఎర్రపొట్టు తీస్తున్నారు. కూలి కిలోల లెక్క. పప్పు చిట్లితే గుండు కాస్తా బద్దవుతుంది, ధర పడిపోతుంది. అందుకని కళ్లు చేతుల మీంచి కదలవు. షెడ్డు బయట వేపచెట్టు కింద గోనెసంచి పరిచి ఉంది. దాని మీద ఏడాదిన్నర పిల్లవాడు. పక్కన పదేళ్ల పిల్ల. వాళ్లక్క. అది బడి వేళ. పిల్లవాడి చేతిలో ఫోను, ఫోనులో హిందీలో గెంతుతున్న బొమ్మలు.

నేను అక్కడున్న నలభై నిమిషాల్లో వాడు రెండుసార్లు తలెత్తాడు. ఒకసారి కాకి అరిచినప్పుడు. "క్కా" అని చూపుడువేలు చాపాడు. ఆ వేలు చాపడం చిన్న సంగతి కాదు. నేను చూసింది నువ్వూ చూడు అని బిడ్డ అడగడం, మాట పుట్టే చోటు అదే. అక్క చూడలేదు, ఆమె పొట్టు చెరిగే పనిలో సాయపడుతోంది. వాడు కాసేపు వేలు అలాగే ఉంచి, దించేసుకుని, మళ్లీ ఫోనులోకి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం తల్లి వచ్చి చేతులు కడుక్కుని వాణ్ని ఒళ్లో వేసుకుంది. "ఇంటికాడ ఎవరూ లేరా అమ్మా?" అని అడిగాను.

"మా అత్తకి డయాలసిస్ బాబూ. ఆసుపత్రికి తిరగడమే సరిపోతంది. మా ఆయన అండమాన్ ఎల్లిపోనాడు. గుంటడ్ని ఎవలికప్పగించీది?"

ఉద్దానం కష్టమంతా ఆ మూడు మాటల్లో ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో కారణం పూర్తిగా అంతుపట్టని కిడ్నీ జబ్బు కొన్ని దశాబ్దాలుగా మనుషులను తినేస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్లు వచ్చాయి. జబ్బు లెక్కలో మాత్రం రోగినే లెక్కిస్తారు. ఆ మామ్మ మంచం పట్టాక ఆ ఇంట్లో స్నానం పోసేటప్పుడు మాట్లాడే మనిషి పోయింది. ఆ నష్టాన్ని ఏ రిజిస్టరులోనూ రాయరు.

ఆ తల్లిని తప్పుపట్టేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఫోను ఇచ్చిందని, పెద్దపిల్లను బడి మానిపించిందని అనడం తేలిక. రెండేళ్లలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దని పిల్లల వైద్యుల సంఘం చెబుతున్న మాట నిజమే. వలసలో ఉన్న తండ్రితో వీడియో కాల్ వేరు, ఆ నాన్న అటునుంచి ఊఁ కొడతాడు. గెంతే బొమ్మ కొట్టదు. కానీ ఆ చెట్టుకింద ఆమె ముందున్న దారులెన్ని? మూడేళ్లు నిండిన పిల్లలకు అంగన్‌వాడీ ఉంది, పాటలున్నాయి, ఆటలున్నాయి. మూడేళ్లలోపు వాళ్లకు ఇంటికిచ్చే సరుకులున్నాయి. అంగన్‌వాడీ టీచరు ఇళ్లకు వెళ్లి తల్లులకు చెప్పాలని కాగితం మీద ఉంది. పుట్టుక నుంచి మూడేళ్ల దాకా పిల్లలతో ఏ వయసులో ఏం ఆడాలో చెప్పే 'నవచేతన' ప్రణాళికను కేంద్రం 2024లో విడుదల చేసింది. మంచిదే. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం మీద బరువులు తూచి, యాప్‌లో ఎక్కించి, వంట చూసి, సర్వేలకు తిరిగే టీచరు అది కూడా చేయాలి. ఆమె వచ్చే వేళకు ఇంట్లో తల్లి ఉండదు, షెడ్డులో ఉంటుంది.

ఒకటి రెండు వాక్యాలు భాష గురించి కూడా. అంగన్‌వాడీకి వచ్చిన పిల్ల "ఏటి" అంటే "ఏమిటి అనాలి" అని దిద్దేస్తుంటారు. మందస, మెళియాపుట్టి కొండల మీది సవర పిల్లకు ఆ తెలుగూ పరాయిదే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ముందు తాను ఆ భాష నేర్చుకున్నాడు, నిఘంటువు రాశాడు. ఇంటి మాటకు ఊఁ కొట్టినవాళ్ల దగ్గరే పిల్ల బడి మాట నేర్చుకుంటుందని ఆయనకు తెలుసు. ఆయన పుట్టిన జిల్లాలో "ఏటి" అన్నందుకు పిల్ల నోరు మూయించడం బాధాకరం.

*

చేయాల్సింది కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ముప్పైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్ల ఆరేళ్లలోపు పిల్లల కోసం గాలీ వెలుతురూ ఉన్న గది, చూసుకోవడానికి శిక్షణ పొందిన మనిషి ఉండాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే, తరవాతి సవరణతో, చెప్పింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థా పిల్లల కేంద్రం పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని రాశారు. కొత్త కార్మిక కోడ్‌లూ యాభై లెక్కనే ఉంచాయి. ఇక జీడి నూనె చర్మాన్ని కాల్చేసే రకం కాబట్టి, షెడ్డులోనే ఓ మూల పిల్లలను కూర్చోబెట్టడం ఎటూ కుదరదు. వేరే గది కావాల్సిందే.

పలాసలో చాలా యూనిట్లు చిన్నవి, ఆ లెక్కకు అందవు అంటారు యజమానులు. నిజమే. కానీ ఆ వీధుల్లో యూనిట్ పక్కన యూనిట్ ఉంది. పది కలిస్తే ఒక గది అవుతుంది. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి కట్టడాల పని జరుగుతున్న రాజ్‌ఘాట్ దగ్గర, దుమ్ములో దొర్లుతున్న కూలీల పిల్లలను చూసి మీరా మహాదేవన్ ఒక గుడారం వేసింది. మొబైల్ క్రెషెస్ అనే సంస్థ అలా పుట్టింది. ఇక్కడ గుడారం కూడా అక్కర్లేదు. కేంద్రం 'మిషన్ శక్తి' కింద నడుపుతున్న 'పాల్నా' పథకంలో అంగన్‌వాడీతో కలిపి ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలను రోజుకు ఏడున్నర గంటలు చూసుకునే కేంద్రాలు పెట్టుకోవచ్చు. కాశీబుగ్గకు, పలాసకు, టెక్కలి గ్రానైటు క్వారీల వైపుకు, నౌపడా ఉప్పు మళ్ల దగ్గరికి ఇవి రావాలి. పంచాయతీలు తీర్మానం చేసి అడగాలి, మున్సిపాలిటీ అడగాలి, ఎమ్మెల్యేల దగ్గర కూర్చుని అడగాలి. అవి వస్తే పెద్దపిల్లల బడి కూడా నిలబడుతుంది.

పలాస జీడి వ్యాపారులకు నా విన్నపం ఇది. మీ పప్పు దేశమంతా పోతోంది. ఆ పప్పును చిట్లకుండా ఒలిచే చేతుల వెనక ఒక పసివాడు వేపచెట్టు కింద వేలు చాపి కాకిని చూపిస్తున్నాడు. మీ వీధికి ఒక గది ఇవ్వండి. దానికి రంగులు, ఖరీదైన బొమ్మలు తరవాత చూసుకోవచ్చు. ముందు అందులో వాణ్ని కాళ్ల మీద వేసుకుని నూనె రాసి, ఊఁ అంటే ఊఁ కొట్టే మనిషిని ఒకరిని పెట్టండి. ఈ ఊళ్లలో అలాంటి మామ్మలు ఇంకా ఉన్నారు. ఆమెకు నెల నెలా జీతం ఇవ్వండి.